క్లబ్బులో ‘వాటా’ పేరుతో అమ్ముతున్న అయిదు సరుకులు: ఏది కొనొచ్చు, ఏది దండగ

ఫుట్‌బాల్ అభిమానికి తన క్లబ్బులో ‘భాగం’ అమ్మజూపేవాళ్లకు ఇవాళ కొదవ లేదు. ఒకరు టోకెన్ అంటారు, ఒకరు షేరు అంటారు, ఇంకొకరు సభ్యత్వం అంటారు, మరొకరు బాండు అంటారు. ప్రకటనలో మాత్రం అందరూ రాసేది ఒకటే: ‘క్లబ్బు మీది’. డబ్బు కట్టాక చేతికొచ్చే హక్కులకూ ఆ మాటకూ చాలాసార్లు పొంతన ఉండదు. అందుకని ఈ సరుకుల్ని మూడు ప్రశ్నలతో తూచడం మేలు. ఓటు ఉందా, ఉంటే ఏ విషయం మీద? రేపు కొత్త పెట్టుబడిదారు వస్తే ఆ ఓటు పలచబడకుండా ఆపే నిబంధన ఉందా? పెట్టిన డబ్బు వెనక్కి కావాలంటే దారేది?

తీర్పు ముందే చెప్పేస్తే: మీ క్లబ్బులో మెజారిటీ వాటా ఉన్న అభిమానుల ట్రస్టు ఉంటే నెలవారీ సభ్యత్వం తీసుకోండి. జర్మన్ క్లబ్బు అయితే సంఘ సభ్యత్వం చాలు. స్టాక్ మార్కెట్ షేరును ముచ్చటకు కొనుక్కోండి, హక్కు వస్తుందని కాదు. టోకెన్ వద్దు.

ఫ్యాన్ టోకెన్

సోషియోస్ డాట్ కామ్ అనే వేదిక మీద, చిలీజ్ అనే క్రిప్టో నాణెంతో కొనే సరుకు ఇది. పారిస్ సాన్ జెర్మా, యువెంటస్, బార్సిలోనా, ఆర్సెనల్ లాంటి పెద్ద పేర్లన్నీ ఇందులో ఉన్నాయి. 2020 జూన్‌లో బార్సిలోనా ఒక్కోటి 2 యూరోల చొప్పున 6 లక్షల టోకెన్లు అమ్మకానికి పెడితే రెండు గంటలు గడవకముందే అయిపోయాయి. కొన్నవాళ్లకు దక్కిన మొదటి ఓటు ఏమిటంటే, డ్రెస్సింగ్ రూమ్ గోడ మీద ఏ బొమ్మ వేయాలన్నది. యువెంటస్ టోకెన్‌దారులేమో గోల్ పడ్డప్పుడు ఏ పాట మోగాలో తేల్చారు. టికెట్ ధర, స్టేడియం అప్పు, కోచ్ కాంట్రాక్టు లాంటివాటి జోలికి ఈ ఓట్లు పోవు.

టోకెన్ క్లబ్బులో వాటా కాదు, అప్పు పత్రమూ కాదు. క్లబ్బు దివాలా తీస్తే టోకెన్ ఉన్నవాడు అప్పిచ్చినవాళ్ల వరసలో కూడా ఉండడు. ధర కూడా రెండు అంచెల్లో ఊగుతుంది. టోకెన్ విలువ చిలీజ్‌తో ముడిపడి ఉంటుంది, చిలీజ్ విలువ మొత్తం క్రిప్టో మార్కెట్‌తో. జట్టు వరసగా గెలుస్తున్నా చిలీజ్ పడితే మీ టోకెనూ పడుతుంది. బ్రిటన్‌లో ప్రకటనల ప్రమాణాల సంస్థ 2021 డిసెంబరులో ఆర్సెనల్ టోకెన్ ప్రకటనల్ని తప్పుబట్టింది. ఇది క్రిప్టో ఆస్తి అనీ, లాభం వస్తే పన్ను పడొచ్చనీ సరిగా చెప్పకుండా అభిమానుల అనుభవలేమిని వాడుకున్నారన్నది ఆక్షేపణ. ఇంతకంటే ఈ సరుకు మీద కాలం వెచ్చించనక్కర్లేదు.

స్టాక్ మార్కెట్ షేరు

ఇది కనీసం నిజమైన ఆస్తి. లెక్కలు బయటపెట్టాలి, వాటాదారుల సమావేశం జరపాలి, ఏ పూటకాపూట అమ్ముకోవచ్చు. చూడాల్సింది షేరు తరగతి. మాంచెస్టర్ యునైటెడ్ 2012 ఆగస్టులో న్యూయార్క్ ఎక్స్‌ఛేంజ్‌లో 14 డాలర్లకు ‘ఎ’ తరగతి షేర్లు అమ్మింది. వాటికి షేరుకు ఒక ఓటు. యజమానులైన గ్లేజర్ కుటుంబం చేతిలోని ‘బి’ తరగతికి షేరుకు పది ఓట్లు. అభిమానులంతా కలిసి ‘ఎ’ షేర్లు మొత్తం కొనేసినా సమావేశంలో ఒక్క తీర్మానాన్నీ ఆపలేరు. 2024 ఫిబ్రవరిలో బ్రిటిష్ వ్యాపారి జిమ్ రాట్‌క్లిఫ్ షేరుకు 33 డాలర్లు ఇచ్చి వాటా తీసుకున్నప్పుడు ఆ ధర ‘ఎ’ షేర్లలో నాలుగో వంతుకే అందింది. మిగిలినవి మార్కెట్ ధరకు వదిలేశారు.

బొరూసియా డార్ట్‌మండ్ 2000 అక్టోబరులో షేరు 11 యూరోలకు మార్కెట్‌కు వచ్చింది. ఆ డబ్బు ఆటగాళ్ల మీద, జీతాల మీద కరిగిపోయింది. స్టేడియాన్ని ఒక ఆస్తుల ఫండుకు అమ్మి అద్దెకు తీసుకున్నారు. 2005 వసంతానికి క్లబ్బు దివాలా అంచున నిలబడింది. ఆ ఫండులో పెట్టుబడి పెట్టినవాళ్లు అద్దె బకాయిల్ని వెనక్కి జరపడానికి ఒప్పుకోవడంతో బతికి బయటపడింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా షేరు ధర ఆ 11 యూరోల కిందే ఉంది. ఓటు సంగతి చూస్తే, కంపెనీని నడిపే అధికారం విడిగా ఒక నిర్వాహక సంస్థ చేతిలో ఉంటుంది, దాని యజమాని సభ్యుల సంఘం. అంటే డార్ట్‌మండ్‌లో షేరు కొన్నవాడికంటే సంఘంలో సభ్యుడైనవాడి మాటకే విలువ ఎక్కువ. షేరు కంటే సభ్యత్వమే చౌకగా హక్కునిచ్చే విడ్డూరం ఇది.

యువెంటస్ షేరుది ఇంకో రకం తలనొప్పి. నష్టాలు పూడ్చడానికి 2019 చివర్లో 30 కోట్ల యూరోలు, 2021లో 40 కోట్లు, ఆ తర్వాత మరో 20 కోట్లు కొత్త షేర్ల మీద సేకరించారు. ప్రతిసారీ మీ వంతు డబ్బు కట్టకపోతే మీ వాటా చిక్కిపోతుంది. కడితే, నష్టంలో ఉన్న కంపెనీకి మళ్లీ మళ్లీ డబ్బు పోసినట్టు. అసలు యజమాని అయిన ఆగ్నెల్లి కుటుంబ సంస్థకు ఇది లెక్కలోది కాదు, మామూలు అభిమానికి మాత్రం భారం.

సంఘ సభ్యత్వం: జర్మనీ, స్పెయిన్

జర్మనీలో 1998 నుంచి ఉన్న 50+1 నిబంధన ప్రకారం వృత్తి జట్టును కంపెనీగా విడదీసినా అందులో సగం కంటే ఒక ఓటు ఎక్కువ మాతృసంఘం దగ్గరే ఉండాలి. బయర్ లెవర్కూసెన్, వోల్ఫ్స్‌బర్గ్ పాత మినహాయింపులు. హోఫెన్‌హైమ్‌లో పెట్టుబడిదారు డీట్మర్ హోప్ 2023లో తన ఓటింగ్ మెజారిటీని సంఘానికి తిరిగి ఇచ్చేశాడు. బయెర్న్ మ్యూనిక్‌లో సంఘానికి 75 శాతం, అడిడాస్, ఆడి, అలియాంజ్ ఒక్కొక్కదానికి 8.33 శాతం. ఏడాది రుసుము కట్టి సభ్యుడైతే వార్షిక సభలో లేచి మాట్లాడొచ్చు, అధ్యక్షుడి ఎన్నికలో ఓటేయొచ్చు. కాకపోతే సభకు స్వయంగా వెళ్లాలి. లక్షల మంది సభ్యుల్లో సభకు వచ్చేది కొన్ని వేలమందే, నిర్ణయం వాళ్లదే. దూరదేశంలో ఉండి సభ్యత్వం తీసుకునేవాళ్లకు ఇది టికెట్ల లాటరీలో పేరు వేసుకునే కార్డుకంటే పెద్దగా ఎక్కువ కాదు.

ఆర్‌బి లైప్‌జిగ్‌లో ఆ మాత్రం కూడా లేదు. 2009లో పుట్టిన ఆ క్లబ్బులో ఓటున్న సభ్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే, మిగతావాళ్లు మద్దతు సభ్యులు. దరఖాస్తు మీద ‘పూర్తి సభ్యుడు’ అని ఉందా, ‘మద్దతు సభ్యుడు’ అని ఉందా అన్నది రుసుము కట్టకముందే చూసుకోవాలి.

ఈ నిబంధన పని చేస్తుందా అంటే, 2023 డిసెంబరు ఉదంతం చూడాలి. బుండెస్‌లీగా ప్రసార వ్యాపారంలో వాటాను ప్రైవేటు ఈక్విటీ సంస్థకు ఇవ్వడం మీద 36 క్లబ్బులు రహస్య బ్యాలెట్ వేశాయి. కావలసింది మూడింట రెండు వంతులు. వచ్చినవి సరిగ్గా 24 ఓట్లు. హనోవర్ 96 మాతృసంఘం ‘వద్దు’ అని వేయమని ఆదేశించింది, కానీ కంపెనీ ప్రతినిధి ఆ మాట పాటించాడా అన్నదే పెద్ద రచ్చ అయింది. వారాల తరబడి గ్యాలరీల్లోంచి మైదానంలోకి టెన్నిస్ బంతులు, చాక్లెట్ నాణేలు వచ్చి పడ్డాయి, మ్యాచ్‌లు ఆగాయి. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ బేరం వదిలేసింది. ఓటు చేయలేని పని బంతులు చేశాయని కొందరంటారు. నిజానికి గ్యాలరీలో కూర్చున్నవాళ్లే సంఘంలో ఓటర్లు కాబట్టే ఆ బంతులకు బరువు వచ్చింది.

స్పెయిన్‌లో 1990 నాటి క్రీడా చట్టం చాలా క్లబ్బుల్ని కంపెనీలుగా మార్చింది. రియల్ మాడ్రిడ్, బార్సిలోనా, అథ్లెటిక్ బిల్బావో, ఒసాసునా మాత్రం సభ్యుల సొత్తుగానే మిగిలాయి. బార్సిలోనా సభ్యుడికి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే హక్కు ఉంది. అధ్యక్షుడు ఖర్చు పెట్టే తీరుకు కళ్లెం వేసే హక్కు అంత గట్టిది కాదు, ఎందుకంటే లెక్కలు ఆమోదించేది ప్రతినిధుల సభ. అందులో పెద్ద భాగం లాటరీలో పేరు వచ్చిన సభ్యులు. 2021 ఆగస్టులో క్లబ్బు అధ్యక్షుడు లపోర్తా అప్పులు 135 కోట్ల యూరోలని చెప్పాడు. 2022 జూన్‌లో ప్రతినిధుల సభ ఆమోదం తెలిపింది, ఆ వేసవిలోనే స్పెయిన్ లీగ్ లా లీగాలో క్లబ్బుకు వచ్చే ప్రసార హక్కుల్లో నాలుగో వంతు పాతికేళ్లకు సిక్స్త్ స్ట్రీట్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థ చేతికి వెళ్లింది. మొదటి 10 శాతానికి వచ్చింది 20.75 కోట్ల యూరోలు. అదే వేసవిలో క్లబ్బు వీడియోలు తీసే బార్సా స్టూడియోస్‌లో 24.5 శాతం చొప్పున రెండు వాటాలు, ఒక్కోటి 10 కోట్లకు ఒప్పుకున్నారు.

రేపటి ఆదాయాన్ని ముందే అమ్ముకునే ఈ బేరాలకు పెట్టిన ‘మీటలు’ అనే పేరు స్పెయిన్ పత్రికల్లో వీరోచితంగా మోగింది. లెక్కల్లో మాత్రం ఇది 25 ఏళ్ల ఆదాయంలో భాగాన్ని ముందే లాభంగా చూపడం. లా లీగా జీతాల పరిమితి దాటకుండా కొత్త ఆటగాళ్లను నమోదు చేయడానికే ఇదంతా. అయినా కష్టాలు తీరలేదు. 2024 డిసెంబరు 31తో డానీ ఓల్మో అనే ఆటగాడి నమోదు ముగిసిపోయింది. కట్టుబడిలో ఉన్న స్టేడియంలోని వీఐపీ సీట్ల మీద హక్కుల్ని 10 కోట్ల యూరోలకు అమ్మినట్టు చూపి, చివరకు జనవరిలో స్పెయిన్ క్రీడా మండలి తాత్కాలిక ఉత్తర్వుతో గట్టెక్కారు. క్లబ్బు సభ్యులదే అయినా ప్రసార ఆదాయంలో నాలుగో వంతు సభ్యులది కాదు. సభ్యత్వం కొనేవాళ్లు గుర్తుంచుకోవలసింది ఇదే: వాటా అమ్మడానికి వీల్లేని క్లబ్బు తన రేపటి ఆదాయాన్ని అమ్ముకుంటుంది, దాని మీద సభ్యుడికి నేరుగా ఓటు ఉండదు.

అభిమానుల ట్రస్టు

మొత్తం సరుకుల్లో డబ్బుకు తగిన విలువ ఇచ్చేది ఇదే, ఎక్కువ జాగ్రత్తగా కొనాల్సిందీ ఇదే.

బ్రిటన్‌లో ట్రస్టులు ఎక్కువగా సామాజిక ప్రయోజన సొసైటీలుగా నమోదవుతాయి. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకటే ఓటు. లాభం సభ్యులు పంచుకోవడానికి కాదు. ట్రస్టు క్లబ్బు కంపెనీలో షేర్లు పట్టుకుంటుంది, మీరు ట్రస్టులో సభ్యులవుతారు. అంటే మీకూ క్లబ్బుకూ మధ్య ఒక మెట్టు ఉంటుంది. ఆ మెట్టు దగ్గర ఏం రాసి ఉందన్నదే అసలు కథ.

హార్ట్స్‌ను చూడండి. ఎడిన్‌బరోలోని ఈ క్లబ్బు 2013లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. వ్యాపారవేత్త ఆన్ బడ్జ్ ముందుకొచ్చి కొనుక్కుంది. ఫౌండేషన్ ఆఫ్ హార్ట్స్ సభ్యులు నెలకు కనీసం 10 పౌండ్లు కడుతూ ఆమె పెట్టుబడిని తీర్చారు. 2021 ఆగస్టులో 75.1 శాతం వాటా ఫౌండేషన్ చేతికి వచ్చింది. సుమారు 8 వేలమంది సభ్యులు ఇప్పటికీ కడుతూనే ఉన్నారు, మొత్తం కోటిన్నర పౌండ్లు దాటింది. ఇక్కడ మెచ్చుకోవలసింది వాటా శాతం కాదు, వాటా చేతికొచ్చాక కూడా కట్టడం ఆపకపోవడం. 2025లో బ్రైటన్ యజమాని టోనీ బ్లూమ్ 98.6 లక్షల పౌండ్లు పెట్టి 29 శాతం తీసుకున్నాడు. అవి ఓటు లేని షేర్లు. సభ్యుల ఓటుతోనే జరిగింది. బయటి డబ్బు వచ్చింది, అధికారం బయటికి పోలేదు. కొత్తగా ట్రస్టు కట్టాలనుకునేవాళ్లు దగ్గర పెట్టుకోవలసిన నమూనా ఇది. ‘ఓటు లేని షేరు’ అన్నప్పుడు ఆ షేర్లు ఎప్పుడైనా ఓటున్న షేర్లుగా మారే షరతు ఉందా అన్నది కూడా చదవాలి.

దీనికి పూర్తిగా ఎదురుగా వేల్స్ క్లబ్బు స్వాన్సీ. అక్కడి ట్రస్టుకు 21.1 శాతం ఉండేది, బోర్డులో సీటు ఉండేది, అభిమానుల భాగస్వామ్యానికి ఆదర్శమని అందరూ పొగిడేవాళ్లు. 2016లో మిగతా వాటాదారులు 68 శాతం దాకా అమెరికన్ పెట్టుబడిదారులకు అమ్మేసుకున్నారు. ట్రస్టు ఆ బేరంలో లేదు. తమను పక్కన పెట్టారన్న ట్రస్టు వాదన ఏళ్ల తరబడి లాయర్ల చుట్టూ తిరిగి 2022లో రాజీతో ముగిసింది. మైనారిటీ వాటా ఉన్న ఏ ట్రస్టుకైనా రెండు నిబంధనలు ప్రాణం. మెజారిటీవాడు అమ్మితే అదే ధరకు మా షేర్లూ కొనాలి అన్నది ఒకటి. కొత్త షేర్లు జారీ చేస్తే ముందు మాకు చూపాలి అన్నది రెండోది. ఈ రెండూ క్లబ్బు నియమావళిలో ఉండాలి, నోటి మాటగానో పాత ఒప్పందంలోనో కాదు. లేకపోతే 21 శాతమైనా ఒకటే, 2 శాతమైనా ఒకటే.

ఎక్సెటర్ సిటీ 2003లో ట్రస్టు చేతికి వచ్చింది. 2005 జనవరిలో ఎఫ్‌ఏ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో 0-0, ఆ తర్వాత సొంత మైదానంలో రీప్లే, ఆ రెండు మ్యాచ్‌ల రాబడి అప్పుల్ని చాలావరకు తీర్చింది. అదృష్టం అక్కడితో సరి. తర్వాత నడిపించింది అకాడమీ. ఆలీ వాట్కిన్స్‌ను 2017లో బ్రెంట్‌ఫర్డ్‌కు అమ్మినప్పుడు, రేపు వాళ్లు అతన్ని మళ్లీ అమ్మితే వచ్చేదాంట్లో వంతు రాయించుకున్నారు. 2020లో ఆస్టన్ విల్లా అతన్ని కొన్నప్పుడు ఆ వంతు ఎక్సెటర్‌కు వచ్చింది. ట్రస్టు క్లబ్బులో ధనిక యజమాని ఉండడు కాబట్టి ఇలాంటి నిబంధనే యజమాని పాత్ర పోషిస్తుంది. అమ్మకం ధర కాస్త తగ్గించుకునైనా ఈ వంతు పెంచుకోవడం చిన్న క్లబ్బుకు లాభసాటి, కానీ ఆ నెల జీతాలకు డబ్బు లేని క్లబ్బు అలా బేరమాడలేదు. ఫిఫా సంఘీభావ నిబంధన కింద వచ్చేది దీనికి అదనం. ఒక దేశ సమాఖ్య నుంచి ఇంకో దేశ సమాఖ్యకు జరిగే బదిలీలో ఫీజులో 5 శాతం, ఆటగాడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచుతారు. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఏడాదికి ఫీజులో 0.25 శాతం, 16 నుంచి 23 వరకు 0.5 శాతం.

ఏఎఫ్‌సీ వింబుల్డన్ గురించి అందరికీ తెలిసిందే. 2002లో పాత క్లబ్బు మిల్టన్ కీన్స్‌కు వెళ్లడానికి అనుమతి వచ్చాక అభిమానులు కొత్తది పెట్టుకున్నారు, 2020 నవంబరులో పాత క్లబ్బు ఆడిన ప్లౌ లేన్‌కు తిరిగొచ్చారు. తక్కువమంది గమనించే సంగతి, స్టేడియానికి డబ్బు చాలనప్పుడు సభ్యులు ఎంచుకున్న దారి. బయటివాళ్లకు నియంత్రణ అప్పగించే బదులు 2020లో బాండ్లు జారీ చేసి 50 లక్షల పౌండ్లకు పైగా అప్పు తెచ్చారు. వడ్డీ ఎంత కావాలో ఇచ్చేవాళ్లే ఎంచుకున్నారు.

అన్ని ట్రస్టులూ నిలబడవు. పోర్ట్స్‌మత్‌ను 2013లో ట్రస్టూ, కాస్త కలిగిన అభిమానులూ కలిసి కాపాడుకున్నారు. షేరు 1,000 పౌండ్లు. నాలుగేళ్లకు, 2017లో, డిస్నీ మాజీ అధిపతి మైకేల్ ఐస్నర్ కంపెనీకి 56.7 లక్షల పౌండ్లకు అమ్మడానికి వాళ్లే భారీ మెజారిటీతో ఓటేశారు. పాత స్టేడియం మరమ్మతు ఖర్చు చూసి బెదిరిన ఓటు అది. రెక్సమ్ ట్రస్టు కూడా 2020 నవంబరులో నటులు ర్యాన్ రెనాల్డ్స్, రాబ్ మెకెల్హెన్నీల ప్రతిపాదనకు 98.6 శాతం ఓట్లతో తలూపింది. ఇవి ద్రోహాలు కావు. ఆస్తి మరమ్మతుకు విడిగా నిధి లేకపోతే ట్రస్టు యాజమాన్యం వచ్చే ధనవంతుడి కోసం కాపలా కాయడంగా మిగులుతుంది.

ఇక అసలు పనికిరాని నమూనా మైఫుట్‌బాల్‌క్లబ్. 2008లో ఇంటర్నెట్‌లో 35 పౌండ్లు కట్టిన సుమారు 30 వేలమంది కలిసి ఎబ్స్‌ఫ్లీట్ యునైటెడ్‌ను కొన్నారు. మే నెలలో వెంబ్లీలో ఎఫ్‌ఏ ట్రోఫీ కూడా గెలిచారు. బ్రిస్టల్ సిటీ నుంచి జాన్ అకిండేకు 1,40,000 పౌండ్ల బేరం వస్తే అమ్మాలా వద్దా అన్నది సభ్యులే ఓటేసి తేల్చారు. ఏడాది తిరిగి రెన్యువల్ వచ్చేసరికి మూడో వంతు మంది కూడా మిగల్లేదు. 2013లో క్లబ్బును వదులుకున్నారు. స్టేడియం పక్కన ఉండనివాళ్ల ఉత్సాహం మీద జీతాల బిల్లు కట్టడం ఎంత ప్రమాదమో ఇంతకంటే ఉదాహరణ దొరకదు. అలాగే బదిలీల మీద సభ్యుల ఓటు అన్నది వినడానికి బాగుంటుంది, ఆచరణలో చేటు. ఓటింగ్‌కు నాలుగు రోజులు పడితే అవతలి క్లబ్బుకు మీ బేరం మొత్తం తెలిసిపోతుంది. మంచి ట్రస్టులు ఆటగాళ్ల సంగతి బోర్డుకు వదిలి, బడ్జెట్ మీద, నష్ట పరిమితి మీద ఓటు ఉంచుకుంటాయి.

సామాజిక షేర్లు, బాండ్లు

ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ ఈ పద్ధతిలోనే 20 లక్షల పౌండ్లకు పైగా సేకరించి 2015లో బ్రాడ్‌హర్స్ట్ పార్కు తెరిచింది. సామాజిక షేరును ఇంకొకరికి అమ్మలేరు. వెనక్కి ఇవ్వమని సొసైటీనే అడగాలి, నగదు లేకపోతే బోర్డు వాయిదా వేయొచ్చు, విలువ తగ్గించనూ వచ్చు. విలువ పెరగడం అన్నది ఉండదు. బాండు అప్పు కాబట్టి గడువు తేదీ ఉంటుంది, అది మంచిదే. ప్రమాదం ఏమిటంటే, అందరి గడువూ ఒకే ఏడాది పడితే క్లబ్బు కొత్త బాండ్లు అమ్మి పాతవి తీర్చాలి. జారీ పత్రంలో చూడవలసినవి మూడు: స్టేడియం మీద తాకట్టు మీకుందా లేక ముందున్న బ్యాంకుకా, గడువులు విడివిడిగా ఉన్నాయా, వడ్డీ నగదుగా ఇస్తారా లేక అసలులో కలుపుతారా.

డబ్బు కట్టేముందు లెక్కలు చదవడం

ఇంగ్లిష్, స్కాటిష్ క్లబ్బులకైతే బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రార్ అయిన కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఏ కంపెనీ పత్రాలైనా ఉచితంగా దొరుకుతాయి. క్లబ్బు పేరుతో ఒకటికి మించి కంపెనీలు ఉంటాయి: జట్టును నడిపేది, స్టేడియం ఉన్నది, పైన మాతృసంస్థ. మూడూ తెరవండి. స్టేడియం జట్టు కంపెనీలో లేకుండా యజమాని విడి కంపెనీలోకి వెళ్లి ఉంటే అక్కడే ఆగి ఆలోచించాలి. ‘ఛార్జెస్’ విభాగంలో ఎవరికి ఏది తాకట్టు ఉందో కనిపిస్తుంది. ప్రైవేటు కంపెనీకి లెక్కలు దాఖలు చేయడానికి ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల గడువు ఉంటుంది. జూన్ 30న ముగిస్తే మార్చి ఆఖరుకు వస్తాయి. అంటే మీరు చదివేది పోయిన సీజన్ సంగతి. చిన్న కంపెనీల మినహాయింపు వాడుకునే దిగువ డివిజన్ క్లబ్బులు లాభనష్టాల పట్టికే పెట్టవు. అక్కడ రెండేళ్ల ఆస్తి అప్పుల పట్టికలు పక్కపక్కన పెట్టి, వాటాదారుల నిధి ఎంత తరిగిందో చూస్తే ఆ ఏడాది నష్టం దాదాపు తెలిసిపోతుంది, మధ్యలో కొత్త షేర్లు జారీ చేసి ఉంటే ఆ మొత్తం కలుపుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది బదిలీల దగ్గర. 5 కోట్ల పౌండ్లకు ఆటగాణ్ణి అయిదేళ్ల కాంట్రాక్టు మీద కొంటే ఏడాదికి కోటి చొప్పున ఖర్చు రాస్తారు. మూడేళ్ల తర్వాత పుస్తకాల్లో విలువ 2 కోట్లు. అప్పుడు 3 కోట్లకు అమ్మితే, నిజంగా 2 కోట్లు పోయినా, ఆ ఏడాది లెక్కల్లో కోటి ‘లాభం’. అకాడమీలో పెరిగిన కుర్రాడికి పుస్తక విలువ సున్నా, వచ్చిందంతా లాభమే. సొంత ఊరి కుర్రాళ్లనే ముందు అమ్మేయడం వెనక ఉన్న గుట్టు ఇదే. చెల్సీ 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్‌ను 10.68 కోట్ల పౌండ్లకు ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టు మీద తెచ్చి ఏడాది ఖర్చును సన్నగా పరిచింది. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ ఆ వేసవి నుంచి, ప్రీమియర్ లీగ్ ఆ డిసెంబరు నుంచి ఇలా ఖర్చు పరిచే కాలాన్ని అయిదేళ్లకు కుదించాయి.

లాభం వేరు, నగదు వేరు. ఫీజులు వాయిదాల్లో వస్తాయి, వాయిదాల్లో పోతాయి. నోట్స్‌లో ‘బదిలీల మీద రావలసినవి’, ‘బదిలీల మీద చెల్లించవలసినవి’ అన్న రెండు అంకెలు పక్కపక్కన పెట్టి, ఏడాదిలోపు ఎంత, తర్వాత ఎంత అన్నది విడిగా రాసుకోండి. చెల్లించవలసింది ఎక్కువై, రావలసినదాన్ని బ్యాంకు దగ్గర ముందే తాకట్టు పెట్టి ఉంటే వచ్చే వేసవిలో ఎవరినో అమ్మక తప్పదు. ప్రదర్శనను బట్టి కట్టాల్సిన అదనాలు ఆస్తి అప్పుల పట్టికలో ఉండవు, ‘సంభావ్య బాధ్యతలు’ నోట్‌లో ఉంటాయి. సంవత్సరం ముగిశాక జరిగినవి చివరి నోట్‌లో ఉంటాయి. నాటింగ్‌హామ్ ఫారెస్ట్ బ్రెన్నన్ జాన్సన్‌ను 2023 జూన్ 30 లోపు కాక సెప్టెంబరులో అమ్మింది. దాంతో ఆ ఏడాది లెక్కల్లో లీగ్ నష్ట పరిమితి దాటింది, మంచి ధర కోసం ఆగామన్న వాదన నిలవక 4 పాయింట్లు పోయాయి.

జీతాల నిష్పత్తికి కొలబద్ద కావాలంటే యూఈఎఫ్‌ఏ లెక్క తీసుకోండి: ఆటగాళ్లు, కోచ్ జీతాలు, ఆ ఏడాది వంతుకు పరిచిన బదిలీ ఫీజు, ఏజెంట్ల కమీషన్ కలిపి, ఆదాయం, బదిలీ లాభం కూడిన మొత్తంలో 70 శాతం దాటకూడదు. మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్ల నష్టం దాకా అనుమతించిన ప్రీమియర్ లీగ్ కూడా 2026-27 నుంచి ఇలాంటి నిష్పత్తికే మారుతోంది, పరిమితి 85 శాతం. ట్రస్టు క్లబ్బు అయితే 70 కూడా ఎక్కువే, ఎందుకంటే తేడా పూడ్చడానికి వెనక ఎవరూ లేరు.

ఇంగ్లండ్‌లో ఇప్పుడు ఇంకో రక్షణ వచ్చింది. 2025 జులైలో చట్టమైన ఫుట్‌బాల్ పాలన చట్టం స్వతంత్ర నియంత్రణ సంస్థను పెట్టింది. క్లబ్బు చిహ్నం, సొంత మైదానపు చొక్కా రంగు గణనీయంగా మార్చాలంటే ఇంగ్లండ్, వేల్స్‌లోని అభిమానుల్లో మెజారిటీ మద్దతు ఉందని క్లబ్బు చూపాలి. 2012లో కార్డిఫ్ సిటీ క్లబ్బు తన నీలం చొక్కాను ఎరుపు చేసినప్పుడు ఇది ఉండి ఉంటే ఆ గొడవే ఉండేది కాదు. కాబట్టి చొక్కా రంగు కాపాడుకోవడానికే ట్రస్టుకు డబ్బు కడుతున్నవాళ్లకు ఆ అవసరం తగ్గింది. జీతాల బిల్లు మీద అదుపు కావాలంటే మాత్రం ట్రస్టే దారి.

సభ్యత్వం తీసుకునేముందు ట్రస్టు నియమావళి తెప్పించుకుని నాలుగు చోట్ల గీత గీయండి: వాటా అమ్మకానికి ఎంత శాతం ఓటు కావాలి, ఎంతమంది పాల్గొంటే ఓటు చెల్లుతుంది, నెలవారీ చెల్లింపు ఆపితే ఓటు వెంటనే పోతుందా లేక ఏడాది ఆఖరు దాకా ఉంటుందా, ఆన్‌లైన్ ఓటు ఉందా. మూడో దానికి జవాబు క్లబ్బును బట్టి మారుతుంది, చాలామంది అదే చూడరు. నియమావళి పంపడానికి కార్యదర్శి వెనకాడితే డైరెక్ట్ డెబిట్ ఫారం నింపకుండా పక్కన పెట్టండి.